వెయ్యి మీటర్ల రీలు

ప్రియమైన బామ్మర్దికి,

అయినా పరిగెత్తేవాడికి లేని భయం చూసేవాళ్లకెందుకో నువ్వే చెప్పు. మీ అక్క నాతో మాట్లాడి మూడు రోజులైంది. తిట్లు మాత్రం ఆగలేదు. గిన్నెలతో చెబుతోంది, నాకు వినపడేలా. నీకు ఫోన్ చేద్దామంటే ఆవిడ పక్క గదిలో ఉన్నా చెవి ఇక్కడే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. జవాబు ఇంటికి కాదు, కుట్టు కొట్టుకి రాయి.

సంగతేమిటంటే, యాభై దాటినవాళ్లకి ఊళ్లో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారు. నాలుగు నెలల టైముంది. నేను పేరిచ్చేశాను. జబ్బులున్నవాళ్లు డాక్టరు సంతకం తేవాలట. మన ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ముప్పై ఏళ్లు బట్టల నూగు పీల్చారు. మెట్లెక్కితేనే ఈల వేస్తారు. మీకు పరుగేమిటండీ?" అంది.

"ఈల వచ్చినవాడికి హారన్ అక్కర్లేదు కదమ్మా" అన్నాను. నవ్వలేదు. ఒక ప్లాస్టిక్ గొట్టం చేతికిచ్చింది. దాన్లోకి గట్టిగా ఊదితే ఒక ముల్లు కదులుతుంది. ముల్లు రెండొందల యాభై దాటితేనే బూట్లు తొడగాలట. పరుగు మధ్యలో అంతకంటే తగ్గితే ఉన్నచోటే ఆగిపోవాలట. ఒక్కసారి పది కిలోమీటర్లు పూర్తి చేసి, అప్పటికీ ముల్లు నిలబడితే వచ్చి కనపడమంది, సంతకం పెడతానంది.

మీ అక్క భయం నాకు తెలియక కాదు. నిరుడు నీలం పెదాలతో ఉన్న నన్ను ఆటోలో పడేసి తీసుకెళ్లింది ఆవిడే. కానీ ఆ రోజు నుంచి నేను కూర్చుంటే వెనక దిండు, లేస్తే పక్కన చెయ్యి. ఒరేయ్, నాకు యాభై నాలుగే. ఈ ఉబ్బసం నా ఒంట్లో అద్దెకుంటోంది. ఇల్లు మాత్రం నాది.

ఇక కొలత. నువ్వు మీ దారం మిల్లు నుంచి పంపిన రీళ్ల మీద వెయ్యి మీటర్లని రాసుంది కదా. పొద్దున్నే ఒక రీలు కొస కొట్టు గొళ్లేనికి కట్టి, వీధి వెంట వదులుకుంటూ పోయాను. పోస్టాఫీసు మూల, నీళ్ల ట్యాంకు వెనక, బడి గోడ, మళ్లీ మా సందు. ఒక మలుపు మార్చి చూసేసరికి రీలు సరిగ్గా కొట్టు గుమ్మం దగ్గరే అయిపోయింది. ఒక చుట్టు ఒక కిలోమీటరు. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ చూశాడు. "ఏం టైలర్ గారూ, వీధికి కూడా కుట్లు వేస్తున్నారా?" అన్నాడు. "చిరిగిన చోటల్లా" అన్నాను.

ప్రస్తుతానికి రెండు చుట్లు పరిగెత్తగల
నీ బావ


ప్రియమైన బావకి,

నీ ఉత్తరం మిషను పక్కన చదివి నవ్వుతుంటే సూపర్‌వైజర్ వచ్చి నిలబడ్డాడు. ఇంటి దగ్గర్నుంచి కబురు అన్నాను. ఎవరైనా పోయారా అని అడిగాడు. ఇంకా లేదు, ప్రయత్నిస్తున్నారు అన్నాను.

అక్క మాట్లాడకపోతే దిగులు పడకు, అవి నీకు మంచి రోజులు. మాట్లాడటం మొదలుపెట్టాక పరిగెత్తు. పది కిలోమీటర్లు నీకు తెలియకుండానే అయిపోతాయి.

కానీ దారంతో కొలవడమేంటి బావా? లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఎవరినైనా అడిగి పెద్ద టేపు తెచ్చుకోరాదూ? ఇంతకీ ఏ రీలు వాడావు, తెల్లదా, నీలందా? ఊరికే అడుగుతున్నా.

నీ బామ్మర్ది


ప్రియమైన బామ్మర్దికి,

నీలందే. నీ మిల్లు సరుకు మీద నీకే నమ్మకం లేకపోతే మేమెక్కడికి పోవాలిరా?

జవాబు ఆలస్యమైంది. కారణం ఉంది. బడులు తెరిచే రోజులు కదా, వారంలో నూట ఇరవై లాగులు కుట్టాను. నూగంతా లోపలికి పోయింది. ఒక పొద్దున ఊదితే ముల్లు నూట అరవై. పదకొండు రోజులు మంచం. తల కింద మూడు దిండ్లు పెట్టుకుని, కూర్చున్నానో పడుకున్నానో తెలియని భంగిమలో గడిపాను. మీ అక్క మాట్లాడటం మొదలుపెట్టింది. "ఇక తీరిందా?" అంది. తీరలేదన్నాను, మూడు ముక్కలు చేసి, మధ్యలో గాలి పీల్చుకుంటూ.

పన్నెండో రోజు ముల్లు రెండొందల అరవై చూపించింది. లేచి చూస్తే బూట్లు లేవు. బీరువాలో పెట్టి తాళం చెవి కొంగున ముడేసుకుంది. చెప్పులతోనే వెళ్లి నాలుగు చుట్లు కొట్టొచ్చాను. మడమ చీరుకుపోయింది. ఆవిడ గుమ్మంలో రక్తం చూసింది. నీళ్లు తెచ్చి కడిగింది. అన్నానికి కూర్చుంటే పళ్లెం పక్కన తాళం చెవి ఉంది. అది ఒప్పుకోవడమో, విసుగెత్తి వదిలేయడమో తెలీదు. అడిగే ధైర్యం లేదు. పరిగెత్తే ధైర్యం వేరు, అది వేరు.

ఇప్పుడు ఏడు చుట్లు వస్తున్నాయి.

మడమకి పట్టీతో
నీ బావ


ప్రియమైన బావకి,

ఏడు చాలదా? ఎవరో ఒకాయన గొట్టం పట్టుకుని ఏడు చుట్లు తిరిగాడంటే ఆ వీధి వాళ్లు చెప్పుకోవడానికి అది చాలు. నా మాట విను. సరే, వినవని తెలుసు. అయితే ఒకటి చెయ్యి. పది చుట్లయ్యాక నా పేరు మీద ఇంకో రెండు కొట్టు. ఎందుకని అడక్కు. బామ్మర్ది ముచ్చట అనుకో.

ఆ కొలత మాత్రం ఇంకోసారి చూసుకో.

నీ బామ్మర్ది


ప్రియమైన బామ్మర్దికి,

పది! గంటా ముప్పై నాలుగు నిమిషాలు. పదో చుట్టులో ఇస్త్రీ ఆయన నీళ్ల సీసాతో నాలుగు అడుగులు నాతో పరిగెత్తి, ఆయనే ఆయాసపడి కూర్చున్నాడు. గొట్టం ఊదితే రెండొందల తొంభై. నీ పేరు మీద రెండు చుట్లు కొట్టలేదు. నీ చుట్లు నువ్వే కొట్టుకో.

మీ అక్కని వెంటబెట్టుకునే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. సంతకం పెట్టింది. మీ అక్క కాగితం చేతిలోకి తీసుకుని, "ఈయనకి ఏమీ కాదని కూడా రాసివ్వండి" అంది.

"అది ఎవరికీ రాసివ్వలేనమ్మా. నాకు నేనే రాసుకోలేను" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ఆవిడ ఆ కాగితాన్ని మడతలు పడకుండా అట్ట మధ్య పెట్టింది. పరుగు వచ్చే ఆదివారం కాక పై ఆదివారం. గంటా యాభై నిమిషాలు దాటితే వెనక బండి వచ్చి ఎక్కించుకుపోతుందట. నాకు ఆ బండితో పనిలేదు.

పది కిలోమీటర్ల
నీ బావ


ప్రియమైన బావకి,

ఇది నీకు శనివారం లోపు చేరాలి. రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ అక్కే ఎత్తింది. పెట్టేశాను.

ఆ నీలం రీళ్లు మంచివి కావు బావా. మా మిషనులో పొడవు కొలిచే మీటరు ఒకరోజు పాడైంది. ఎనిమిదొందల యాభైకే వెయ్యి అయిందని మిషను ఆపేసేది. లేబుళ్లు అంటించాక గానీ ఎవరూ చూసుకోలేదు. ఆ రోజు సరుకంతా పక్కన పడేస్తే నేను ఒక డబ్బా తెచ్చుకుని, మంచివని చెప్పి నీకు పంపాను. కుట్టుకోవడానికి ఏ రీలైతేనేం అనుకున్నాను. దాంతో నువ్వు వీధి కొలుస్తావని నాకేం తెలుసు? ముప్పై ఏళ్లుగా కుడుతున్నావు, రీలు ముందే అయిపోతోందని నువ్వైనా గమనించలేదు.

నీ పది చుట్లు ఎనిమిదిన్నర కిలోమీటర్లే. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. సిగ్గేసింది. చెప్పకుండా టేపని, రెండు చుట్లని నసిగాను. ఇప్పుడు సంతకం కూడా పడింది. ఆ మిగిలిన కిలోమీటరున్నరలో నీకేమైనా అయితే అక్క మొహం నేను ఎలా చూడను? పరిగెత్తకు బావా. కావాలంటే వచ్చి నన్ను కొట్టు.

నీ బామ్మర్ది


ప్రియమైన బామ్మర్దికి,

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం, నేను కాలర్ కత్తిరిస్తుండగా వచ్చింది. కాలర్ పోయింది. మీ వంశం మొత్తాన్ని తిడదామనుకున్నాను, అందులో సగం నా ఇంట్లోనే ఉంది. పైగా నువ్వన్నది నిజం. రీళ్లు త్వరగా అయిపోతుంటే పని బాగా నడుస్తోందని సంతోషించినవాణ్ని నేనే.

దాచకుండా మీ అక్కకిచ్చాను. రెండుసార్లు చదివింది. "అయితే ఆ సంతకం చెల్లదుగా" అంది. ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉత్తరం చూపించాం. నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వింది, బల్ల పట్టుకుని మరీ.

"చింపేయమంటారా?" అన్నాను.

"నేను సంతకం పెట్టింది మీ ఊపిరికండీ, మీ దారానికి కాదు. రెండొందల యాభై మాట మాత్రం తప్పొద్దు" అంది. మీ అక్క ఎదురుగానే మాటిచ్చాను.

ఆదివారం పరిగెత్తాను.

ఎనిమిదిన్నర దాకా నాకేమీ తెలియలేదు. అక్కడికి రాగానే, నువ్వు నమ్మినా నమ్మకపోయినా, ఒళ్లు ఇంటికొచ్చేశాననుకుంది. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఛాతీలో ఈల మొదలైంది. మూసున్న ఒక కొట్టు మెట్ల మీద కూర్చుని, మందు రెండుసార్లు పీల్చి, ఊదాను. రెండొందల ముప్పై.

మాటిచ్చాను కదా. కూర్చున్నాను. నన్ను దాటి అందరూ వెళ్లారు. డెబ్బై ఏళ్ల ఆవిడ ఒకరు చెయ్యి కూడా ఊపింది. కాసేపటికి వెనక బండి వచ్చి ఆగింది.

"ఎక్కండి బాబాయ్, టైమైపోయింది" అన్నాడు డ్రైవరు.

"మీ టైమైపోయింది. నాది ఈ ముల్లు మీదుంది."

"అదేంటి, సన్నాయా?"

"విను." ఊదాను. రెండొందల నలభై.

"ముల్లు పైకెక్కితే బండెక్కుతారా?"

"యాభై దాటితే రోడ్డెక్కుతాను."

ఏమనుకున్నాడో ఇంజన్ ఆపి పక్కన కూర్చున్నాడు. ఐదు నిమిషాలకోసారి నేను ఊదడం, అతను అంకె చదవడం. మధ్యలో తనూ ఊది చూసుకున్నాడు. ఐదొందలు దాటింది. నా మొహం చూసి, గొట్టం లుంగీ మీద తుడిచి మెల్లగా తిరిగిచ్చాడు. ఇరవై నిమిషాలయ్యాక, "రెండొందల అరవై బాబాయ్!" అని అరిచింది అతనే.

లేచాను. నేను ముందు, బండి వెనక. బండిలో అప్పటికే ఎక్కించుకున్నవాళ్లు నలుగురు. "పెద్దాయనా, కాస్త త్వరగా కానివ్వండి, ఇళ్లకి పోవాలి!" అని ఒకడు. "నువ్వు దిగి పరిగెత్తరా!" అని ఇంకొకడు. ఆ కిలోమీటరున్నర నేనెప్పుడూ చూడని కిలోమీటరున్నర. కొంత పరిగెత్తాను, కొంత నడిచాను. ఎక్కడా కూర్చోలేదు.

చివరికి చేరేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. బ్యానర్ లేదు, గీత కోసం కట్టిన రిబ్బను కూడా చుట్టేశారు. మీ అక్క ఒక్కతే రోడ్డు పక్కన నిలబడి ఉంది. నా పెదాల రంగు చూసింది. చెయ్యి చాపింది. గొట్టం కావాలన్నమాట. ఊదాను. ముల్లు తనే చదువుకుంది. రెండొందల యాభై అయిదు.

"గీత ఏదీ?" అన్నాను.

"తీసేశారు."

అని, కొంగు నడుముకి దోపి, చెప్పు కాలితో ఆ మట్టిలో ఈ చివర నుంచి ఆ చివరకి పొడుగ్గా ఒక గీత గీసింది. కుర్చీలు మోసేవాళ్లు ఆగిపోయి చూస్తున్నారు.

"ఇదిగో. దాటండి" అంది.

దాటాను.

నోటీసు బోర్డులో 'పూర్తి చేయనివారు' అన్న వరసలో నా నంబరుంది. ఉండనీ. వచ్చే పరుగు మూడు నెలల్లో ఉంది, అందులోనూ నంబరు తీసుకున్నాను. గంటా యాభై లోపు రావాలంటే ఈసారి పన్నెండు చుట్లు కొట్టాలి. నిన్ను కొట్టడానికి తీరిక లేదు. నువ్వే సెలవు పెట్టి వచ్చి నాతో తిరుగు, ఆ రెండు చుట్లు నీ పేరు మీదే ఉంచాను. దారం మాత్రం తేకు, ఎందుకంటే మీ అక్క పక్కింటి మేస్త్రీని అడిగి ఇనుప టేపు తెచ్చింది. ఒక కొస పట్టుకుని గుమ్మంలో నిలబడి, రెండో కొస పట్టుకోమని అరుస్తోంది. ఉత్తరం ముగించి వస్తానంటే వినడం లేదు, ఇక్కడినుంచి పోస్టాఫీసు మూల దాకా నిజంగా ఎంతో ఇప్పుడే