కరెంటు బట్టీలో పెళ్లి పళ్లేలు

రాకిరా

ప్రాణమైన మర్లేనీకి,

నువ్వు తుంహా నుంచి పంపిన కరెంటు బట్టీ మన రాకిరా చేరింది. బస్సు డ్రైవరు ఎవేలియో పాపం చెమటలు కక్కుతూ దొడ్లోకి దింపించాడు. బొగ్గు పొగ మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు అన్నాడని దీన్ని నాకు అంటగట్టావు. ఇదేం బట్టీనే! మంట లేదు, చప్పుడు లేదు. అమ్మ మంట రంగు చూసి వేడి ఎంతుందో చెప్పేది. ఇందులో నేనేం చూడను? మీటలన్నీ ఒకేసారి పైకి తిప్పాను. లోపల టపాకాయల్లా పేలి, కుండలన్నీ పెంకులయ్యాయి.

దగ్గు మాత్రం తగ్గింది.

నీ అక్క దియోసెలీనా

తుంహా

బంగారు అక్కకి,

మట్టిలో తడి ఆరకుండా అంత వేడి పెడితే పేలదా మరి? ముందు కింది మీట ఒక్కటే తక్కువలో పెట్టు. మూత కాస్త ఎత్తి ఉంచు. బట్టీకున్న చూపు కన్నం దగ్గర అద్దం పట్టు. చెమ్మ పట్టకపోతే మూత దించి, మీటలు ఒక్కొక్కటే పెంచు. బట్టీతో పంపిన చిన్న మట్టి శంకుల్లో ఒకటి లోపల కన్నానికెదురుగా నిలబెట్టు, అది తలవంచిందంటే వేడి సరిపోయినట్టు. నల్లకళ్లద్దాలు లేకుండా తొంగిచూడకు.

ఇక్కడ తెలిసినవాళ్ల పెళ్లి ఉంది. ఆకుపచ్చ గాజుపూతతో ఆరు పళ్లేలు కావాలి. నువ్వే చెయ్యాలి.

నీ చేతుల్లో పెరిగిన మర్లేనీ

రాకిరా

మర్లేనీ తల్లికి,

ఈసారి ఏదీ పేలలేదు. కానీ పూత నిండా సూదిబెజ్జాలు! శంకు వంగగానే టక్కున ఆపేశాను కదా, ఇంకేం తక్కువైంది? పెళ్లికూతురు ఈ మశూచి పళ్లేల్లో భోంచేస్తుందా? ఇంతకీ ఎవరామె? ఎవేలియోని అడిగితే, "నాకేం తెలుసండీ, బస్సుకి టైమైంది" అని పరుగెత్తాడు.

విసిగిపోయిన నీ అక్క

తుంహా

అక్కా, నా అక్కా,

తప్పు నాదే, చెప్పడం మరిచాను. శంకు వంగాక ఆపకూడదు. మీటలు మధ్యకి దించి, ఆ వేడిలోనే ఓ అరగంట మగ్గనివ్వు. పూతలో పొంగిన బుడగలు అణిగి, బెజ్జాలు పూడుకుంటాయి. తర్వాత ఆపేసి, పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోకు.

పెళ్లికూతురి పేరు... నీకు కోపం రాదంటే చెబుతాను.

మర్లేనీ

రాకిరా

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం ఆదివారం ఎవేలియోయే తెచ్చాడు. అప్పటికే కొత్త పళ్లేలు బట్టీలో ఉన్నాయి. శంకు వంగింది, మీటలు దించాను, బెల్లం నీళ్లు తాగుతూ ఇద్దరం కూర్చున్నాం. అతను టోపీ నలుపుతూ నలుపుతూ చివరికి, "దియోసెలీనాగారూ, ఆ పళ్లేలు మా ఇంటికే. పెళ్లి నాకూ మర్లేనీకీ. మిమ్మల్ని ఒంటరిని చేసి పోతోందనుకుంటారేమోనని తను చెప్పలేకపోతోంది" అన్నాడు.

"అమ్మ పోయేనాటికి దానికి జడ వేసుకోవడం రాదయ్యా. అప్పటినుంచీ దాని పెళ్లి కోసం కాచుకుని ఉన్నాను. నెత్తి నెరిశాక చేసుకుంటుందా, మొద్దు!" అన్నాను. అతను నవ్వాడు. నేను ఏడ్చాను. బట్టీ ఆపాల్సిన సంగతి ఇద్దరమూ మరవబోయాం.

మంచివాడే. నీ పేరు పలికేటప్పుడు గొంతు తగ్గిస్తాడు.

పళ్లేలు అద్దాల్లా వచ్చాయి. ఒకటి పాడవుతుందేమోనని ఏడు పెట్టాను. ఒక్కటీ పాడవలేదు. ఏడోది నాది. దాన్ని మీ అల్మరాలోనే ఉంచు. నేనొచ్చినప్పుడు చుట్టానికి తీసినట్టు వేరే పళ్లెం తీశావంటే ఊరుకోను.

నీ దియోసెలీనా అక్క