మధ్యలో పడ్డ బాల్

6 జూలై 2025, ఆదివారం

మా స్కూలు కంప్యూటర్ టీచర్ ఇక్రా పోరు పడలేక తాండూరులో రైలెక్కి వికారాబాద్ వెళ్లాను. అక్కడి రిసార్టులో కొత్తగా పాడెల్ కోర్టు వేశారు, టెన్నిస్ లాంటి ఆటే. చుట్టూ అద్దాల గోడలు. రాకెట్‌కు తీగల్లేవు, అన్నీ చిల్లులే, అచ్చం బూందీ గరిటె. నాపరాళ్ల పాలిషింగ్ చేసే ఇక్రా వాళ్ల నాన్న అఫ్సర్ గారు, పద్మక్క తోడుంటదంటేనే ఒప్పుకున్నారట. అంటే నేను వెళ్లింది తోడుకే.

గోడకు తగిలి వచ్చిన బాల్‌ను కొట్టబోయి నా మోకాలికే కొట్టుకున్నాను. ఇక్రా నవ్వలేక కింద కూర్చుంది.

13 జూలై

కోచ్ వంశీ చెప్పాడు, జంటగా ఆడేటప్పుడు మధ్యల పడ్డ బాల్‌కు నోరు తెరవాలె, నాది అనో నీది అనో అరవాలె, లేకుంటె ఇద్దరూ మొఖాలు చూసుకుంట నిలబడ్తరు అని. నాకు అరవడం నేర్పాలా? పదిహేనేళ్ల లెక్కల టీచర్‌ని.

27 జూలై, సాయంత్రం

నాది, నాది, నాది. గొంతు పోయింది. ఎంత సంతోషంగా ఉందో!

10 ఆగస్టు

రిసార్టు వాళ్ల చిన్న టోర్నమెంట్. గెలిచాం! ఇక్రా వైపు పడ్డవాటికి కూడా నేనే ఉరికాను. ఒకసారి తను రాకెట్ ఎత్తేలోపే కొట్టేశాను. పాయింట్ వచ్చింది కదా. రైల్లో, మస్తు ఆడినవ్ అక్కా అంది. ఆ తర్వాత తాండూరు దాకా కందిచేలు చూస్తూ కూర్చుంది. అలసిపోయిందనుకున్నాను.

17 ఆగస్టు

ఇక్రా రాలేదు. తలనొప్పట.

24 ఆగస్టు

రాలేదు. చుట్టాలట.

26 ఆగస్టు

ఇక్రా పెళ్లి అక్టోబర్‌లో. గుల్బర్గా సంబంధం, జూన్‌లోనే కుదిరిందట. పెళ్లిలోపు ఆదివారాలు మాత్రం నావి అని వాళ్ల నాన్నను అడిగి తీసుకుందట. ఇదంతా తను చెప్పలేదు. వాళ్లమ్మ జుబేదా గారు స్కూలుకొచ్చి కార్డు ఇస్తూ చెప్పింది. బిడ్డకు ఆట జర గూడ రాలేదంట గదా, మస్తు ఏడ్చింది అని కూడా అంది.

రాకపోవడమేంటి, నేను రానిస్తేగా. ఫోన్‌లో ఫైనల్ వీడియో చూశాను. సర్వీసులూ వాటి రిటర్నులూ పోను ఇక్రా కొట్టింది నాలుగే నాలుగు. తగుదునమ్మా అని అన్నిటికీ నేనే. క్లాసులోనూ అంతే, పిల్లల నోట్లోంచి జవాబు లాక్కుంటాను. సిగ్గుతో చచ్చిపోయాను.

31 ఆగస్టు

వాళ్లింటికి వెళ్లాను. ఒక్క ఆదివారం రా, మధ్యవన్నీ నీవే అని బతిమాలాను. వద్దులే అక్కా, పెండ్లి పనులున్నయి అంది. తిట్టినా బాగుండేది. చాయ్ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది.

12 అక్టోబర్

ఇక్రా నికా. నన్ను చూపించి, ఈ అక్క పాడెల్ మస్తు ఆడుతుందని పెళ్లికొడుకుతో చెప్పింది. నువ్వూ ఆడేదానివా అని అతను అడిగాడు. లేదు, చూడ్డానికి వెళ్లేదాన్నని ఉర్దూలో చెప్పింది, నవ్వుతూ. తాండూరులో పుట్టినదాన్ని, నాకు అర్థం కాకుండా ఉంటుందా.