బొమ్మలో కంప్యూటరు

బావా,

ఈ రోజు మన పెళ్లిరోజు. పొద్దున్నే విజయనగరం జూట్ మిల్లు మేనేజరు శృంగవరపుకోటలో మనింటికి వచ్చాడు.

పోయినేడు నువ్వు ఆ మిల్లువాళ్లను బొంబాయి తీసుకెళ్లి మీ కంపెనీ కంప్యూటరు నడిపి చూపించావు. కొంటామన్నారు. అంతలో ఇంకో పెద్ద కంపెనీవాడు తమ కంప్యూటరు రంగుల బొమ్మ చూపించి, "మాది దీనికంటే స్పీడు, ఆగండి" అన్నాడు. ఆగిపోయారు. బేరం చెడిందని మీ కంపెనీ నీ ఉద్యోగం తీసేసింది. ఆ దిగులుతోనే మంచం పట్టి కన్నుమూశావు. ఆ సంగతి మేనేజరుకి తెలియదు.

"ఆళ్ల మిషను ఇంకా తయారే అవనేదంటమ్మా. మీ ఆయన్ని ఓపాలి రమ్మని సెప్పు. ఆయన సూపించిందే కొంటాం."

"లేని మిషను కోసం ఉన్న మనిషిని సంపేసినారు. ఇంకేటి కొంటారు?" అని అరిచాను.

ఆయన అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు.

ఇవ్వలేదు బావా.