ర్యాంపు కోసేసిన ఆటో

మంగళవారం, రాత్రి

యాదగిరన్న తన ఆటోలో వెనక సీటు తీసి, నా చక్రాల కుర్చీ ఎక్కేలా ఇనుప ర్యాంపు పెట్టించాకే నేను సత్తుపల్లికి ఒక్కదాన్నే కుట్టుపనికి వెళ్లగలుగుతున్నాను. ఈ సాయంత్రం ఇంటికి బయలుదేరుతుంటే ఆటోల అడ్డా దగ్గరికి రవాణా శాఖ తనిఖీ ఆఫీసరు వచ్చాడు.

"పర్మిషన్ లేకుండ బండి మార్చినవ్. గిది తీసెయ్, లేకుంటే సీజ్ చేస్త."

"మరి నేనెట్ల ఎక్కాలె సార్?" అన్నాను.

"ఇంటోళ్లు ఎత్తి కూసోబెడతరు గదమ్మా."

ఆ మాట కోపంగా కూడా అనలేదు.

అన్న పక్కనున్న వెల్డింగ్ షాపులో ర్యాంపు కోయించి, అప్పట్లో అక్కడే తీసి ఉంచిన సీటు మళ్లీ బిగించాడు. "ఏమనుకోకు చెల్లె" అని నన్ను రెండు చేతులతో ఎత్తాడు. నా మొహం చూడలేకపోయాడు. ఆటోలో కుర్చీకి చోటు లేక షాపులోనే వదిలేశాం.

ఇనుము కోసిన చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. చీకట్లో అలవాటుగా చెయ్యి చాపితే మంచం పక్కన కుర్చీ తగల్లేదు. నడుం నొప్పితో మూలుగుతూ పడుకున్న అమ్మ ఇందాక అడిగింది.

"నీళ్లు తాగుతవా బిడ్డా?"

వద్దన్నాను. గొంతు ఎండిపోతోంది. తాగితే మళ్లీ బాత్రూముకు నన్ను మోయాల్సింది అమ్మే.