రామంతాపూర్‌లో దిగుదామని

మోత్కూర్,
దసరా పోయిన ఐదో రోజు.

చిరంజీవి సౌభాగ్యవతి మంజులకు మీ అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ బాపు బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, అల్లుడు ప్రమోద్, మన స్నిగ్ధ చల్లగా ఉన్నారని తలుస్తాను. సూరత్‌లో ఇంకా వానలు పడుతున్నాయని రాశావు. ఇక్కడ ఎండలు మళ్లీ మొదలైనాయి. రంగు అద్దిన నూలు మధ్యాహ్నానికే ఆరిపోతోంది.

నాలుగో తరగతి దాటని చదువు నాది. ఫోన్లో ఒకరి గొంతు ఒకరం వినగానే ఇద్దరికీ మాట పెగలడం లేదని, ఉత్తరాలు రాసుకుందామని నువ్వే అన్నావు. అందుకని అక్షరాలు వంకర పోయినా నువ్వే సర్దుకొని చదువుకోవాలి.

మీ బాపు కళ్లు ఎట్లున్నాయని అడిగావు. కుడి కంటికి ఆపరేషన్ అయింది, ఎడమది చలికాలం పోయినాక చేస్తామన్నారు. చేయించుకునేదాకా మగ్గం ఎక్కొద్దని దవాఖానలో చెప్పారు. ఆయన వింటాడా? నేను నూలు కండెలు చుట్టి చాటుగా పెడితే వెతుక్కొని మరీ తీసుకుపోతున్నాడు.

బతుకమ్మ ఆడావా అని అడిగావు. ఆడాను. ఆఖరి రోజు, సద్దుల నాడు అందరూ నీ గురించే అడిగారు. మా కూతురు రాలేకపోయింది, పిల్లకు బడి సెలవు దొరకలేదు, సూరత్‌లో దసరాకు ఎక్కువ సెలవులుండవు అని చెప్పాను. కూతురు అనగానే పక్కింటి సోమమ్మ చప్పట్లు కొట్టేది ఆపింది.

"ఏమే ఆండాళూ, కోడలు కూతురైంది, మంచిగనే ఉన్నది. మరి నువ్వేమైతివే?"

"ఏమైత? తల్లినైతి."

"గది గాదే. పిల్లకు నువ్వు నానమ్మవా, అమ్మమ్మవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి బియ్యం కడుగుతూ కూడా అదే మాట తలచుకున్నాను.

నువ్వు తప్పుగా అనుకోవద్దు బిడ్డా. నా కొడుకు శ్రవణ్ బండి మీద పోతూ ప్రమాదంలో పోయేనాటికి స్నిగ్ధకు ఏడాదిన్నర. నీకు తల్లీ తండ్రీ లేరు. తెల్లారి లేస్తే నీ బోసి నుదురు చూడలేక మీ బాపు మగ్గం గుంటలో కూర్చుని ఏడ్చేవాడు. ప్రమోద్ సంబంధం వచ్చినప్పుడు కులపోళ్లు నానా మాటలన్నా మేమిద్దరం పీటల మీద కూర్చున్నాము. అతని కాళ్లు కడిగి నిన్ను కన్యాదానం చేశాము. ఆ పని చేసినందుకు ఒక్క రోజు కూడా నేను బాధపడలేదు. కానీ నిన్ను కూతురిగా ఇస్తే పిల్లకు నేను అమ్మమ్మనైపోతానని, నానమ్మ ఇంకొకామె అవుతుందని పీటల మీద కూర్చున్నప్పుడు నాకు తోచలేదు. చెప్పినవాళ్లూ లేరు.

పోయిన నెల ఉత్తరంతో పాటు స్నిగ్ధ గీసిన బొమ్మ పంపావు. కళ్లద్దాలతో ప్రమోద్ అమ్మ నడుమ పెద్దగా ఉంది, కింద నానమ్మ అని రాసింది. మూలకు మగ్గం, మగ్గం పక్కన చీమంత నేను. కింద మోత్కూర్ అమ్మమ్మ అని రాసింది. నా పేరు ముందు ఊరి పేరు పెట్టింది, దూరపు చుట్టానికి పెట్టినట్టు. మీ బాపు ఆ బొమ్మను గోడకు అతికించాడు. మడతలు పడతాయని చెప్పి నేను తీసి పెట్టెలో పెట్టాను. మడతల కోసం కాదు.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. దీపావళి సెలవులకు పిల్లకు హైదరాబాద్ చూపించాలని, నాలుగు రోజులు అందరం కలిసి ఉందామని, ఇద్దరు ముసలమ్మలనూ, నన్నూ మీ అత్తమ్మనూ రమ్మన్నావు. ఎక్కడ దిగుదామో చెప్పమని మూడు జాగాలు రాశావు. అల్లుడు ఫోన్లో హోటళ్లకు ఇచ్చిన చుక్కలు లెక్కబెట్టి ఏరాడట. నాకు చుక్కల సంగతి తెలియదు. నాకు తెలిసింది రాస్తాను.

లక్డీకాపూల్ అన్నావు. అక్కడి నుంచి హుస్సేన్‌సాగర్ దగ్గర, పడవ ఎక్కి బుద్ధుడి దాకా పోవచ్చు అన్నావు. పడవలో పిల్లను ఒళ్లో పెట్టుకొని కూర్చునేది ప్రమోద్. శ్రవణ్ బిడ్డను ఎత్తుకొని సాగర్ గట్టు మీద నిలబడి, పెద్దగైనాక పడవ ఎక్కిస్తానని చెప్పాడు, నీకు గుర్తుండే ఉంటుంది. చార్మినార్ వైపు అన్నావు. గాజులు ఏరడంలో మీ అత్తమ్మ సుమనను మించినవాళ్లు లేరు, పిల్ల ఆమె వెంటే తిరుగుతుంది, నేను సంచీ పట్టుకొని వెనక నడవాలి. సికింద్రాబాద్ స్టేషన్ పక్కన అన్నావు. భువనగిరిలో రైలెక్కితే సుమన నేరుగా అక్కడ దిగుతుంది. అది నాకు నచ్చకపోవడానికి ఆ ఒక్కటి చాలు.

చూశావా, ఎట్లాంటి మనసైందో నాది. ఊళ్లో ఎవరి మీదా ఇంత కుళ్లు పెట్టుకోలేదు నేను. ఆమె అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు పిల్లలను సాదింది, పిల్లతో ఎట్ల మాట్లాడాలో తెలుసు. ప్రతి ఆదివారం ఫోన్లో స్నిగ్ధ ముఖం చూస్తుంది, పన్ను ఊడితే ఆమెకే ముందు తెలుస్తుంది. నా ఫోన్లో బొమ్మ కనిపించదు.

పోయిన ఉత్తరంలో, అత్తమ్మ మోకాళ్ల నొప్పికి రానంటోంది, ఇక మీ ఇష్టం, మీరు ఎక్కడంటే అక్కడ దిగుదాం అని రాశావు. ఆ ముక్క చదివి నేను సంతోషపడ్డాను. ఇప్పుడు రాసేది గుండె గట్టి చేసుకొని రాస్తున్నాను. ఆమె రానన్నది మోకాళ్ల వల్ల కాదు. నా వల్ల.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రెండో రోజే ఆమె ఫోన్ చేసింది. "వదినా, నీకు గూడ రాసిందా మంజుల? యాడ దిగుదామంటవు?" అని ఉషారుగా అడిగింది. నా నోట్లోంచి అబద్ధం ఎట్ల వచ్చిందో తెలియదు. "రూములు చిన్నగున్నయట వదినా. ఒక్క ముసలామెకే జాగా ఉన్నదట. నన్ను రమ్మని రాసిన్రు" అన్నాను. ఆమె "అట్లనా. సరె తీ, నాకు గూడ మోకాళ్లు బాగలేవు" అని పెట్టేసింది. నీకూ అదే మాట చెప్పినట్టుంది.

మొన్న పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. భువనగిరి నుంచి బస్సులో, ఆ మోకాళ్లతో. చేతిలో సంచీ. పిల్లకు సకినాలు, తను అల్లిన నీలం స్వెటరు. "నువ్వు పోతున్నవు గద వదినా, పిల్లకియ్యి. తెల్లారి జర చలి పెడ్తది" అని నా చేతికి ఇచ్చింది. ఆ స్వెటరు పట్టుకొని నిలబడ్డాను. ఒక చెయ్యి కొలత సరిగ్గా కుదరలేదని విప్పి మళ్లీ అల్లిందట. నేను గడప మీద కూర్చుండిపోయాను.

"వదినా, నేను నీకు అబద్ధం చెప్పిన. జాగా లేదని మంజుల అననే లేదు."

"నాకు గా రోజే సమజైంది. మంజుల గట్ల అనే పిల్ల గాదు."

"మరెందుకు ఊకున్నవు?"

"నాలుగు దినాలు పిల్లతోటి ఒక్కదానివే ఉండాలని పానం కొట్టుకుంటున్నదేమో అనుకున్న. నాకు ఆదివారం ఆదివారం కనపడ్తనే ఉంటది గద."

నాకు ఇంకా మంట లేచింది మంజులా, అబద్ధం ఎందుకాడాలి? "నువ్వు జర గయ్యాళిదానివైతే ఎంత బాగుండు వదినా. తిట్టుకునేటందుకైనా వీలుండు" అన్నాను.

"ఫికర్ జెయ్యకు, రేపటి సంది నేర్చుకుంట" అని ఆమె నవ్వింది. మీ బాపు లోపల మగ్గం ఆపి వింటున్నాడు. ఆమె నా పక్కన గోడ పట్టుకొని మెల్లగా కూర్చుంది. "గిప్పుడు నిజం చెప్పు. నీకు యాడ దిగాలని ఉన్నది?"

"రామంతాపూర్‌ల."

"రామంతాపూరా? గాడ ఏమున్నదే సూడ?" అన్నది. అని, నా ముఖం చూసి ఆగిపోయింది. "మీ శ్రవణ్ కిరాయికి ఉన్న గల్లీనా?"

నేను తల ఊపాను. ఆ గల్లీలో నీ కాపురం, పిల్ల పుట్టిన ఇల్లు. నువ్వు రాసిన మూడు జాగాల్లో అది లేదు. నువ్వు మరిచిపోయి రాయలేదని నేను అనుకోను. తలచుకోలేక రాయలేదు. అల్లుడి ముందు నేను ఆ పేరెత్తితే బాగుండదని, మోత్కూర్ బస్సు ఉప్పల్‌లో ఆగుతుంది, అక్కడైతే నాకు దగ్గర అని సాకు రాద్దామనుకొని రెండు కాగితాలు చింపాను.

ఆమె చాలాసేపు నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. "మా ప్రమోద్‌కు నేను చెప్త" అన్నది. "పిల్లకు వాళ్ల నాయిన ఉన్న జాగా తెల్వొద్దా? వాడేం అనుకోడు. అనుకుంటే నా చేతుల అయిపోతడు."

ఆ మాట నేను అడగాల్సింది. ఆమె అడుగుతానన్నది. అందుకు కూడా నాకు ఆమె మీద కొంచెం అసూయ కలిగింది. దాచుకోను.

కాబట్టి నా మాట ఇది. సికింద్రాబాద్‌లోనే దిగుదాం, సుమనను కూడా రమ్మన్నాను. కింది అంతస్తు రూము చూడమని అల్లుడికి చెప్పు, ఆమె మెట్లు ఎక్కలేదు. మా ఇద్దరికీ కలిపి ఒక్క రూము చాలు, మీ బాపు మగ్గం వదిలి రానన్నాడు. ఆమె గురక పెడుతుందట, తనే చెప్పింది.

నాలుగు రోజుల్లో ఒక్క పొద్దుటి పూట నాకు ఇవ్వు. ఉప్పల్ దారిలో ఆటో దిగి ఆ గల్లీ చివరి దాకా నడిచి వస్తాము. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో, తలుపు కొట్టం, బయటి నుంచే చూపిస్తాను. నీకు రాబుద్ధి కాకపోతే రూములోనే ఉండు, నేను ఏమీ అనుకోను. నడిచేటప్పుడు పిల్ల కుడి చెయ్యి నేను పట్టుకుంటాను. ఎడమ చెయ్యి సుమన పట్టుకున్నా, ప్రమోద్ పట్టుకున్నా సరే. కుడి చెయ్యి మాత్రం ఎవరికీ ఇవ్వను, నన్ను అడగొద్దు.

ఇట్లు,
అత్తనై తెచ్చుకొని, తల్లినై పంపిన
మీ అమ్మ
ఆండాళు