అటక మీది కర్రలు

అక్కా,

మీరంతా బాగున్నారనుకుంటాను. అటక మీద నా పాత చంకకర్రలు ఉంటాయి, వాటిని దించి పార్సిల్ చెయ్యి. కంగారుపడకు, నా కాలికేం కాలేదు. మొన్న బస్సు వెనక పరుగెత్తి మరీ ఎక్కాను.

నిన్న మా సంస్థలో ఈ ఏడాది విరాళాల ప్రణాళిక వేశారు. గోడకి క్యాలెండర్ తగిలించి, ఏ నెలలో ఏ సభో రాసుకుంటూ పోయారు. అన్నిటిలోనూ నేనే! "ఈసారి నడుచుకుంటూ వచ్చి మాట్లాడతానండీ" అన్నాను. మేడమ్ నవ్వేశారు. "చక్కగా నడిచేదాన్ని చూసి ఎవరిస్తారే తల్లీ?" అన్నారు. కర్రలతోనే రావాలట, సభ అయ్యాక గేటు దాటేదాకా వాటిని వదలకూడదట.

ఒళ్లు మండిపోయింది. కానీ గది బయట బెంచీ మీద, ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు నేను కూర్చున్న బెంచీయే. సరేనని వచ్చేశాను.

అమ్మ కంటపడకుండా దించు. ఆ కర్రలు చిన్నప్పటివి, ఇప్పుడు నా ఎత్తుకి చాలవు. బావది ఎలాగూ వడ్రంగం పనేగా, కాస్త పొడుగు చేసిపెట్టమను. అతుకు మాత్రం కనబడకూడదు.

నీ చెల్లి