చలిమిడిలో సర్కారు మందు

నరసరావుపేట,
ఆషాఢ మాసం, 1943.

మందుల పరిశోధన శాఖ డైరెక్టరు గారి సముఖమునకు,
ప్రస్తుత మకాం మదనపల్లె.

పై శాఖ వారి నరసరావుపేట ప్రయోగశాలలో ఎలుకల గది నౌకరు గుండాల అంకారావు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: చూలు ఎలుకలకు పెట్టుచున్న హార్మోను పొడి మనుషులకు ఏమి చేయునో తెలియజేయవలసినదని ప్రార్థన.

1. జపాను వారి బాంబుల భయముచేత తమ ప్రయోగశాల మద్రాసు నుండి ఎలుకలతో సహా ఈ ఊరికి తరలివచ్చిన సంగతి తమకు విదితమే. నాటి నుండి అర్జీదారు నమ్మకముగా పనిచేయుచున్నాడు. ఎలుకలకు మేత వేయుట, బోనులు కడుగుట, పిల్లి రాకుండా చూచుట అర్జీదారు పనులు. ప్రయోగశాల వెనుక గదిలో భార్య నాగులమ్మతో కాపురం ఉండుటకు సర్కారు వారు దయతో అనుమతించి ఉన్నారు. ఆ దయే ఇప్పుడు మా కొంప మీదికి తెచ్చినది.

2. చూలుతో ఉన్న ఎలుకల మేతలో హార్మోను అనే తెల్లని పొడి కలపవలెనని ఇక్కడి డాక్టరు గారి ఉత్తరువు. అలాంటి సరుకు చూలాలి ఒంట్లో సహజంగానే ఊరుతుందనీ, దాన్ని బయట తయారుచేసి ఎక్కువగా పెడితే ఏమవుతుందో చూస్తున్నామనీ డాక్టరు గారు ఒకసారి సెలవిచ్చారు. ఆ పూట చుట్టాలు కూడా ఉండగా అన్నం తింటూ అర్జీదారు ఇంట్లో ఈ మాట చెప్పాడు. కడుపుతో ఉన్నవాటికి పెట్టే మందు అన్నంతవరకు అందరూ విన్నారు. ఏమవుతుందో చూస్తున్నారు అన్న ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. అర్జీదారు కూడా దాన్ని గట్టిగా చెప్పలేదు.

3. అర్జీదారు భార్యకు ఇదివరకు కడుపు నిలవలేదు. ప్రతిసారీ నెలలు నిండకముందే పోయింది. ఈసారి ఐదో నెల పడింది. మా వైపు ఆనవాయితీ ప్రకారం తల్లి వచ్చి, కడుపు చలవకని చలిమిడి చేసి కూతురికి పెట్టి పేరంటాళ్లకు పంచాలి. మా అత్తగారు తిరుపతమ్మ కారంపూడి నుంచి బియ్యం, బెల్లం మూటగట్టుకుని పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సెక్కి వచ్చింది. మా పొయ్యి మీదనే పాకం పట్టింది. ఆ చలిమిడిలో సర్కారు వారి హార్మోను పొడి పడినది. ఎట్లా పడిందో అర్జీదారుకు తెలియదు.

4. పొడి ఉండే బీరువా తాళంచెవి అర్జీదారు ఇంట్లో గోడమేకుకు వేలాడుతూ ఉంటుంది. సీసాలో పొడి తరిగినట్టు మర్నాడు కనిపెట్టినది అర్జీదారే. అది చలిమిడిలోనే పడిందని ఎట్లా తెలుసునని తమరు అడగవచ్చు. తెలుసు. ఎవరు వేశారని అడిగితే మాత్రం తెలియదు. ఈ విషయమై ఇంతకన్నా విచారించవద్దని మనవి.

5. ఇక ఆ పొడి తిన్న ఎలుకల సంగతి, పేరంటం అయిన తరువాత బయటపడినది. కొన్నిటికి చూలు నిలిచినట్టే నిలిచి లోపలే కరిగిపోయింది. కొన్ని గడువు దాటినా ఈనలేదు. నొప్పులు పడి పడి బోనులోనే చచ్చిపోయాయి. ఈనిన వాటి పిల్లల్ని తిప్పి చూసి ఆడదో మగదో తేల్చలేక డాక్టరు గారు భూతద్దం తెప్పించుకున్నారు. ఆ బోను కడిగినది అర్జీదారే. ఆ పూట అన్నం ముట్టలేదు. నాగులమ్మ ఏమైందని అడిగితే పిల్లి వచ్చిందని చెప్పాడు. ప్రయోగశాలలో చూసినది ఇంట్లో వాళ్లతో సహా ఎవరికీ చెప్పనని తమ శాఖ వారు అర్జీదారు చేత సంతకం చేయించుకొని ఉన్నారు. చేయించుకోకపోయినా ఆమెకు ఏ నోటితో చెప్పను?

6. డాక్టరు గారిని చేతులు కట్టుకుని అడిగాను. ఎలుకకు జరిగినది మనిషికి జరుగుతుందని చెప్పలేమన్నారు. జరగదని అయినా చెప్పండి బాబూ అంటే, అదీ చెప్పలేమన్నారు. ఎందుకు అడుగుతున్నావని నిలదీస్తే ఉన్న సంగతి చెప్పక తప్పలేదు. యుద్ధకాలంలో సర్కారు మందు పోవడం పోలీసు కేసు అన్నారు. గుంటూరు దొరసాని డాక్టరమ్మకు చూపిస్తామని కాళ్లు పట్టుకుంటే, ఏ మందు తిన్నది, ఎవరు పెట్టారు అన్నీ కాగితం మీద ఉంటేనే పంపుతామన్నారు. పెట్టినవారి పేరు చెబితే ఒక ఆడమనిషి జైలుకు పోతుంది. చెప్పకపోతే ఇంకొక ఆడమనిషి ఏమవుతుందో తెలియదు. ఈ రెండింటి మధ్య అర్జీదారు బోనులో ఎలుక అయి ఉన్నాడు.

7. ఆ తరువాత డాక్టరు గారు గొంతు తగ్గించి, వారం వారం నీ భార్యను తూచవచ్చునా అని అడిగారు. అర్జీదారు ఊరుకున్నందుకు ఒప్పుకున్నట్టు లెక్క వేశారు. వేరుశనగ బస్తాలు తూచే కాటా తెప్పించి నాగులమ్మను దాని మీద నిలబెడుతున్నారు. వచ్చిన తూకం ఎలుకల తూకాలు రాసే పలక మీదనే, చివరి ఎలుక కింద, నంబరు వేసి రాస్తున్నారు. ఆమె మాత్రం ఆ రోజు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వస్తుంది. కాటా దిగి, "ఎంత మంచోళ్లయ్యా ఈ సర్కారోళ్లు, నాలాంటిదాన్ని గూడా ఇంత బాగా చూస్తన్నారు" అంటుంది. నంబరు చూసి అదేందని ఆమె అడిగితే అర్జీదారు ఇంకొక అబద్ధం ఆడవలసి ఉంటుంది. అబద్ధాలు అయిపోవచ్చినవి.

8. పక్కింటి చాంద్ బీ కూడా కడుపుతో ఉన్నది. పేరంటంలో ఆమెకు చలిమిడి ముద్ద కాస్త పెద్దదే పెట్టారు. అందులో సర్కారు మందు ఉన్నదని కూడా, ఎవరో, ఆమెకు గొప్పగా చెప్పారు. ఇప్పుడు పొద్దున్నే గోడ మీదుగా పిలిచి, "అన్నా, అది తిన్నకాడి నుంచి బిడ్డ బాగా కదలతా ఉంది, ఇంకొంచెం దొరుకుద్దా?" అని అడుగుతున్నది. అర్జీదారు దొడ్డిదారిన పనికి పోతున్నాడు.

9. నౌకరీ వదిలి పోదామంటే యుద్ధం ఆర్డినెన్సు ప్రకారం అది నేరము. ఒకవేళ రాత్రికి రాత్రి కృష్ణ దాటి నైజాంలోకి పోయినా, తిన్నది కడుపులోనే మాతో వస్తుంది.

కావున తమరు దయయుంచి, ఆ పొడి వలన ఆడవారికి, కడుపులో బిడ్డకు ప్రమాదము ఉన్నదో లేదో తెలిసినంతవరకు ఒక్క ముక్క వ్రాయించవలెను. తెలియదంటే తెలియదనే వ్రాయించవలెను. పెట్టినవారి పేరు అడగకుండా ఇద్దరు ఆడవారినీ డాక్టరమ్మకు చూపించవలెను. నాగులమ్మ తూకం ఎలుకల పలక మీద నుంచి తుడిపించవలెను. తుడపడం రూల్సుకు విరుద్ధమైతే, నంబరు తీసి పేరు అయినా వ్రాయించవలెను. తమ జవాబు ఆలస్యమైతే ఆ జవాబు నాగులమ్మ కడుపే చెబుతుంది. అట్లా వినే ధైర్యం నాకు లేదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుండాల అంకారావు,
ఎలుకల గది నౌకరు.

తా.క. వ్రాస్తూ పైకి చదువుకోవడం అర్జీదారుకు అలవాటు. తలుపు అవతల అత్తగారు బియ్యం చెరుగుతూ ఉన్నదని చూసుకోలేదు. చాట చప్పుడు ఆగిపోయిన తరువాత చూశాడు. ఆమె లోపలికి వచ్చి చాట కింద పెట్టి, ఎదురుగా కూర్చున్నది. నాగులమ్మ నీళ్లకు పోయి ఉన్నది, ఇంకా రాలేదు. ఇక్కడి నుంచి అత్తగారు చెప్పినది చెప్పినట్టు వ్రాయడమైనది. వద్దని బతిమాలినా వినలేదు.

"అయ్యా, మా అల్లుడికేం తెలీదు. తాళం తీసింది నేను, చలిమిడిలో కలిపింది నేను. చాంద్ బీకి పెద్ద ముద్ద పెట్టింది గూడా నేనే. ఎలకలకే అంత మందు పెడతా ఉంటే నా బిడ్డ ఎలక పాటి చెయ్యదా అనుకున్నా. చానా మంచి పని చేశాననుకున్నా. మీకు కాగితం మీద పేరు గావాలంట గదా, తిరుపతమ్మ, కారంపూడి అని రాసుకోండి. పోలీసుల్ని పంపండి, యాడికీ పోను, ఇక్కడే కూచోనుంటా. ఆ డాక్టరమ్మని మటుకు పోలీసుల కంటే ముందు పంపండి."

తిరుపతమ్మ వేలిముద్ర